నెలాఖరు వరకే క్షమాపణలు

ప్రజలు ఉత్తరాలు రాయడం బొత్తిగా మానేశారని తపాలా శాఖవారు ఎంతో ఆవేదన చెంది, వారిని మళ్ళీ ఆ మంచి అలవాటు వైపు మళ్ళించాలనే సదుద్దేశంతో ఉత్తరం ధరను ఈ ఏడాది నాలుగోసారి పెంచారు. ఇందులో తికమక ఏమీ లేదు. ఉత్తరాలు తగ్గితే శాఖకు నష్టం. నష్టం వస్తే ధర పెంచాలి. ధర పెంచితే ఉత్తరాలు తగ్గుతాయి. తగ్గితే మళ్ళీ ఏం చెయ్యాలో శాఖవారికి తెలుసు. ఈ సంగతి అర్థం కాని మందబుద్ధుల కోసం తపాలా కార్యాలయం గోడకు ఒక పటం కూడా తగిలించారు. అందులో ఒక గీత పైకి పోతుంది, ఒక గీత కిందికి దిగుతుంది. ఏ గీత దేనిదో రాయలేదు గనుక చూసినవాళ్ళందరూ తృప్తిపడే వెళ్తున్నారు.

ప్రస్తుతం మా ఊళ్ళో ఒక ఉత్తరం పంపడానికయ్యే ఖర్చుతో హోటల్లో కడుపునిండా భోజనం చేయవచ్చు. అదే ఇంటింటికీ వేసే ప్రకటన కాగితమైతే ఒక్కోటి ఒక పిప్పరమెంటు బిళ్ళ ఖరీదు. కొత్త ధరలు అమల్లోకి వచ్చిన రోజున పోస్టుమాస్టరుగారు సిబ్బందిని సమావేశపరచి, మెడలో దండ వేయించుకుని, ఈ తేడాలోని న్యాయాన్ని విడమరచి చెప్పారు.

"ఉత్తరం రాసేవాడు ఎవరండీ? రెండేళ్ళకోసారి తొంగిచూసే చుట్టం. అందులోనూ ఏడుస్తూ వస్తాడు. ప్రకటన వేసేవాడో? తెల్లారేసరికి బస్తాలతో మన గుమ్మంలో ఉంటాడు. ఇద్దరిలో ఎవరికి కుర్చీ వేస్తాం? ఆలోచించండి!"

సిబ్బంది ఆలోచించి చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచి ప్రకటనలు వచ్చిన మర్నాడే ఇళ్ళకు చేరుతున్నాయి. సంచిలో ఎప్పుడైనా ఖాళీ మిగిలితే ఉత్తరాలు కూడా బయలుదేరుతున్నాయి. ఇందుకు సగటున పదకొండు రోజులు పడుతుంది.

ఇళ్ళకు తపాలా తెచ్చే ఆయన్ని ఊరంతా బాబాయి అంటారు. బాబాయి కుడిభుజం ఎడమ భుజం కంటే మూడు వేళ్ళు కిందికి ఉంటుంది. అది పరుపుల దుకాణంవారి చలవ. పరుపులు, పళ్ళ సెట్లు, జుట్టు మొలిపించే నూనెలు, అడగకుండానే ఇచ్చే అప్పులు, వీటన్నిటి కాగితాలూ రోజూ ఇంటింటికీ చేరుస్తాడు. జనం వాటిని తలుపు దగ్గర అందుకుని, చెయ్యి ఎక్కడా ఆపకుండా అదే ఊపులో చెత్తబుట్టలోకి జారవిడుస్తారు. ముందుచూపున్న కొందరు బుట్టనే తీసుకొచ్చి తపాలా పెట్టె కింద పెట్టుకున్నారు. చెత్త పెరిగిపోయిందని మునిసిపాలిటీవారు రెండు లారీలు కొని చెత్త పన్ను పెంచారు. ఎందుకు పెంచారో వివరిస్తూ ఇంటింటికీ నాలుగు రంగుల కాగితం వేశారు. ప్రకటన ధరకే.

వ్యవహారాలు ఇంత సజావుగా నడుస్తున్న రోజుల్లో గడియారాల మేస్త్రి ఒక ఉత్తరం పట్టుకుని తపాలా కార్యాలయానికి వచ్చాడు.

ఈయన దుకాణం పాత సినిమా హాలు ఎదుటి సందులో ఉంది. వయసు అరవైకి దగ్గర. పొద్దస్తమానం కంట్లో భూతద్దం బిగించుకుని గడియారాల లోపలికి చూస్తూ ఉంటాడు. మనిషి మంచివాడే గాని సరదాగా మాట్లాడతానని ఆయనకొక నమ్మకం ఉండేది. ఎనిమిదేళ్ళ కిందట ఆ నమ్మకంతోనే బావగారి పదవీ విరమణ సభలో లేచి నిలబడ్డాడు. "మా బావ ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క ఫైలు కూడా పోగొట్టలేదు. పోగొట్టాలంటే ముందు దాన్ని కదపాలి కదా!" అన్నాడు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. ముందు వరసలో కూర్చున్న అక్క మాత్రం నవ్వలేదు. ఆపైన నాలుగు నెలలకే బావగారు పోయారు. పరామర్శకు వెళ్ళిన తమ్ముణ్ణి అక్క గేటు దగ్గరే ఆపి, "ఆ రోజు నవ్వినవాళ్ళున్నారుగా, వాళ్ళింటికెళ్ళు" అని గడియ పెట్టేసింది. ఎనిమిదేళ్ళుగా ఆ గడియ తియ్యలేదు. ఫోను చేస్తే గొంతు విని పెట్టేస్తుంది.

ఇప్పుడు ఆవిడ ఇల్లు ఖాళీ చేసి, సముద్రం పక్క ఊళ్ళో ఉన్న చిన్ననాటి స్నేహితురాలి దగ్గరికి వెళ్ళిపోతోందని తెలిసింది. ప్రయాణం నెలాఖరున. అంటే తొమ్మిది రోజులు.

అక్క ఇల్లు నాలుగు వీధుల అవతలే కదా, ఉత్తరమేదో తనే వెళ్ళి పెట్టెలో వేసి రావచ్చు కదా అని అడిగే పాఠకులు చట్టం తెలియనివారు. ఇంటి ముందున్న తపాలా పెట్టె ఇంటివాళ్ళ డబ్బుతో కొన్నదే అయినా, అందులోని చీకటి మాత్రం శాఖవారిది. తపాలా మనిషి కాక వేరెవరు అందులో కాగితం వేసినా నేరం. మేస్త్రి ఒకసారి వేసి జరిమానా కట్టాడు. ఆ ఉత్తరాన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకున్నారు.

కౌంటరులో ఉన్న అమ్మాయి కవరు అందుకుని, వెనకా ముందూ తిప్పి చూసింది.

"ఒక్కటేనా అండీ?"

"ఒక్కటేనమ్మా. ఎన్నాళ్ళకు చేరుతుంది?"

"పదకొండు రోజులు. ఈలోగా పరుపులవాళ్ళు తగ్గింపు పెడితే ఇంకో రెండు."

"అయ్యో, మా అక్క తొమ్మిది రోజుల్లో వెళ్ళిపోతోందమ్మా. తొందరగా వెళ్ళే దారేమీ లేదా?"

"త్వరిత సేవ ఉందండీ. ఇప్పుడది కాస్త ఆలస్యంగా నడుస్తోంది. పదమూడు రోజులు."

మేస్త్రి మొహం చూసి ఆ అమ్మాయికి జాలేసింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ప్రకటన అనుకోండి, రేపు పొద్దున్నే చేరిపోతుంది. కాకపోతే వార్డు మొత్తానికీ వెయ్యాలి. పన్నెండు వందల ఇళ్ళు."

"అమ్మో! అంత నేనెక్కడ కట్టగలను?"

"కట్టక్కర్లేదండీ. మొదటిసారి వేసేవాళ్ళకు ప్రోత్సాహం కింద ఉచితం."

ఒక్క ఇంటికి పంపితే ఒక పూట భోజనం, పన్నెండు వందల ఇళ్ళకు పంపితే ఉచితం అన్న ఈ ఏర్పాటు విని మేస్త్రి తల గోక్కున్నాడు. ముప్పై అయిదేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్న మనిషికి, ఏ చక్రం దేన్ని తిప్పుతోందో అంతుబట్టకపోవడం ఇదే మొదలు. కౌంటరు అమ్మాయి అప్పటికే ఫారం తీసి, పెన్ను విదిలించింది.

"ఏం అమ్ముతారు?"

"ఏమీ అమ్మను. తప్పయిపోయింది, క్షమించమని అడగాలి."

"అడిగితే ఉత్తరమైపోతుందండీ. ఇస్తేనే ప్రకటన. 'క్షమించు' అనకూడదు. 'ఇవ్వబడును' అని రావాలి. ఎవరికి?"

"మా అక్కకి."

"ఒక్కళ్ళకైతే అదీ ఉత్తరమే. 'అక్కలందరికీ' అని రాద్దాం. మీ అక్కగారు అందులోనే ఉంటారు కదా!"

అరగంటలో ప్రకటన తయారైంది. పక్కనున్న జిరాక్సు దుకాణంలో నల్ల సిరాతో కాపీలు తీశారు.

"అక్కగార్లందరికీ శుభవార్త! ఎనిమిదేళ్ళ నాటి తప్పుకు పూర్తి క్షమార్పణ! బావగారి సభలో నోరు జారిన తమ్ముడిచే స్వయంగా ఇవ్వబడును. ఇతర పాత తప్పులకు కూడా వర్తించును. ఈ కాగితం తెచ్చినవారందరికీ! నెలాఖరు వరకే! గడియారాల దుకాణం, పాత సినిమా హాలు ఎదుటి సందు."

'ఇతర పాత తప్పులకు' అన్నది కౌంటరు అమ్మాయి సొంతంగా చేర్చింది. ఒకే తప్పుకైతే ఆఫరు మరీ పలచగా ఉంటుందని ఆమె అభిప్రాయం.

మర్నాడు పదిగంటలకల్లా బాబాయి కాగితాలన్నీ వేసేశాడు. మామూలుగా అయితే అవి బుట్టలకు చేరాల్సినవే. కాని ఈ కాగితం మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ గాని, సగానికి సగం అన్న ఎర్ర అంకె గాని లేవు. దాంతో విసిరేసేలోపు కంటికి అక్షరాలు తగిలాయి. మా ఊరు చాలా ఏళ్ళ తర్వాత ఇంటికొచ్చిన కాగితాన్ని చదివింది.

మొదట వచ్చినావిడ బేకరీ యజమానురాలు. కాగితాన్ని బల్ల మీద పరిచి, "మా తమ్ముడు నా సైకిలు నాకు చెప్పకుండా అమ్మేశాడు. ఇరవై రెండేళ్ళయింది" అంది.

"అది నేను కాదమ్మా" అన్నాడు మేస్త్రి.

"మీరని నేనన్నానా? పాత తప్పులకు కూడా అని మీరే వేశారుగా!"

మేస్త్రి ప్రకటన మరోసారి చదువుకున్నాడు. వేసిన మాట వేసినట్టే ఉంది. చేతిలోని గడియారం కింద పెట్టి, లేచి నిలబడి, చేతులు జోడించాడు. "అక్కా, సైకిలు అమ్మడం చాలా తప్పు. క్షమించండి." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఈ ముక్క వాడి నోట్లోంచి ఒక్కసారి ఊడిపడితే నా సొమ్మేం పోయేది" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ నలుగురితో చెప్పింది.

మూడో రోజుకల్లా వరస సినిమా హాలు దాకా పాకింది. హాలువాళ్ళు తమ సినిమాకే అనుకుని ఒక ఆట పెంచారు. ఒకావిడ రెండు కాగితాలు తెచ్చి, రెండు క్షమాపణలు కావాలని పట్టుబట్టింది. ఇంకొకావిడ సొంత తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, పక్కన నిలబెట్టి, "చూడరా, నోరు ఎలా పెగులుతుందో నేర్చుకో" అంది. ఒక ముసలావిడకు తమ్ముళ్ళే లేరట. ఎవరినైనా తిట్టి చాలాకాలమైందని వచ్చింది. ఆవిడ తిట్లకు వరసలో ఉన్నవాళ్ళంతా ముక్కు మీద వేలేసుకున్నారు. మగవాళ్ళు కొందరు వచ్చి, "అన్నలేం పాపం చేశారండీ?" అని నిలదీశారు. పాపం వాళ్ళది కాకపోవచ్చు గాని ఆఫరు వాళ్ళకు లేదని మేస్త్రి వినయంగా చెప్పి పంపాడు.

మొదటి రెండు రోజులూ వచ్చిన ప్రతి ఆడమనిషి మొహంలోకీ ఆశగా చూశాడు. అక్క రాలేదు. మూడో రోజు నుంచి తలెత్తడం తగ్గించాడు. కంట్లో భూతద్దం తియ్యకుండా, చేతిలో పని ఆపకుండా, బల్ల మీద కాగితం చప్పుడు వినిపించగానే "అక్కా, తప్పయిపోయింది, క్షమించండి" అనేస్తున్నాడు. వరస కూడా త్వరగా కదులుతోంది. ఈ పద్ధతిని పోస్టుమాస్టరుగారు స్వయంగా వచ్చి పరిశీలించి, వరసలో ఉన్నవారినుద్దేశించి ప్రసంగించారు.

"చూశారా సోదరీమణులారా! ఒక్క ఉత్తరం రాసి ఉంటే ఒక్కరికి ఉపయోగపడేది. మా శాఖ ద్వారా ప్రకటించడం వల్ల ఇంతమందికి ఊరట! ప్రేమకు కూడా టోకు ధర ఉంటుందని మేం నిరూపించాం!"

అయిదో రోజు దుకాణం ముందు నుంచి వెళ్తున్న బాబాయిని మేస్త్రి ఆపాడు.

"బాబాయ్, మా అక్కయ్య ఇంట్లో కూడా వేశావు కదా?"

బాబాయి సంచి కిందికి దించి, నీళ్ళు నమిలాడు. "పదకొండు వందల తొంభై తొమ్మిది ఇళ్ళకు వేశానయ్యా. ఆ ఒక్క ఇంటికీ వెయ్యకూడదు."

"అదేంటి?"

"ప్రకటనలు వద్దని అక్కయ్యగారు ఏటా రుసుము కడతారు. వెయ్యకుండా ఉండటానికి శాఖవాళ్ళు తీసుకునే డబ్బులే అవి. వేస్తే నా ఉద్యోగం పోతుంది."

సంగతేమిటంటే, అక్క ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరైన పంతులమ్మ. రాసి ఉన్నది ఏదైనా సరే, కంటపడితే చదవకుండా వదలలేదు. ప్రకటనల్లో తెలుగు చదివీ చదివీ రక్తపోటు పెరిగిపోతే డాక్టరు మందులతో పాటు ఈ రుసుము కూడా రాసిచ్చాడు.

మేస్త్రి కంట్లోంచి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. అయిదు రోజులుగా ఊళ్ళో ఉన్న అక్కలందరికీ క్షమాపణ చెప్పాడు. ఎవరికి చెప్పాలో ఆవిడకు తప్ప. నవ్వాలో ఏడవాలో తెలియక, అప్పుడే వరసలో ముందుకొచ్చినావిడ వంక వెర్రిచూపు చూశాడు. ఆవిడకు గొంతు కాస్త ఎక్కువ. "ఏవమ్మోయ్, అసలు అక్కకే కాగితం అందలేదటమ్మా!" అని వరస చివరిదాకా వినబడేలా ప్రకటించింది.

ఆ సాయంత్రం పంతులమ్మగారి వీధిలో వింత సంచారం కనిపించింది. కూరల సంచులతో నడిచే ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆ గేటు దగ్గర ఆగడం, అటూ ఇటూ చూడడం, పెట్టెలో ఏదో జారవిడిచి ఏమీ ఎరగనట్టు సాగిపోవడం. మొత్తం ఇరవై ముగ్గురు. ఇది నేరమన్నది నిజమే. కాని ఆ ఇరవై ముగ్గురినీ పిలిచి జరిమానా రాయగల గుండె శాఖలో ఎవరికీ లేకపోయింది.

ప్రయాణం రెండు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, మేస్త్రి ఒక చేతిగడియారం లోపల వెంట్రుకంత స్ప్రింగును పటకారుతో పట్టుకుని ఉన్నాడు. బల్ల మీద కాగితం చప్పుడైంది. తలెత్తలేదు.

"అక్కా, తప్పయిపోయింది, క్షమించండి."

అవతలి మనిషి కదల్లేదు. తిట్టలేదు, ఏడవలేదు. ఇంకో కాగితం పడింది. ఆ వెనక మరోటి. ఇరవై మూడూ పడేదాకా ఆ చప్పుడు ఆగలేదు. మేస్త్రి కంటికి మొదట కనిపించింది ఎర్ర సిరా. భూతద్దంలోంచి అది ఇంతింత గీతలుగా కనబడింది.

"క్షమాపణలో 'ర' ఎక్కడిదిరా?" అంది అక్క.

స్ప్రింగు ఎటో ఎగిరిపోయింది.

"అది... కౌంటరులో అమ్మాయి రాసిందక్కా..."

"తప్పు ఇంకొకళ్ళ మీదికి తొయ్యకు. చిన్నప్పటి నుంచీ అదే బుద్ధి. ఇంకోటి, 'క్షమించండి' ఏమిటి? నేను నీకు 'అండీ'నా?"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. వారం రోజుల్లో నాలుగు వందలసార్లు అన్న మాట ఇప్పుడు గొంతు దాటి రానంది.

"క్షమించక్కా" అన్నాడు చివరికి, చాలా చిన్నగా.

అక్క ఎర్ర కలం మూత బిగించి సంచిలో పెట్టుకుంది. "ఆ రోజు ఆయన కూడా నవ్వార్రా. ఇంటికొచ్చాక కూడా అదే తలుచుకుని నవ్వారు. మీవాడు నన్ను కరెక్టుగా పట్టుకున్నాడే అన్నారు. నాకే ఒళ్ళు మండింది. ఆయన పోయాక ఈ మాట నీతో చెబుదామంటే, గేటు వేసిందాన్ని నేనే కదా, తియ్యడానికి మొహం చెల్లలేదు."

వరసలో వెనకనున్నావిడ, "ఏమ్మా, మీదింకా అవలేదా? మేమూ పనులు మానుకుని వచ్చినవాళ్ళమే!" అంది. అక్క వెనక్కి తిరిగి, ముప్పై ఏళ్ళు తరగతిని చూసిన చూపు ఒకటి చూసింది. వరసంతా సర్దుకుని నిటారుగా నిలబడింది.

ప్రయాణం ఆగలేదు. నెలాఖరున తమ్ముడే పెట్టెలు మోసుకెళ్ళి రైలెక్కించాడు. "వారానికోసారి ఫోను చెయ్యి. తీస్తాను" అంది అక్క. తీస్తోంది కూడా. రాసింది కాకుండా మాట్లాడింది కూడా దిద్దుతోందని మేస్త్రి ఇప్పుడు కొంచెం బాధపడుతున్నాడు. కాని అది వాళ్ళింటి విషయం.

శాఖవారు మాత్రం ఈ ఘనవిజయాన్ని ఊరికే పోనివ్వలేదు. 'ఆత్మీయ ప్రకటనలు' అనే కొత్త విభాగం తెరిచారు. క్షమాపణలు, కృతజ్ఞతలు, పరామర్శలు, ప్రేమలు ఏవైనా సరే, వార్డుకు తగ్గకుండా పిప్పరమెంటు ధరకే. కౌంటరు అమ్మాయికి పదోన్నతి ఇచ్చారు. ఉత్తరం ధరను అయిదోసారి పెంచారు. బాబాయి ఎడమ భుజం కూడా కిందికి దిగి, రెండూ సమానమయ్యాయి. ఇప్పుడు ఇంటికి రోజూ ముప్పై నలభై క్షమాపణలు వస్తున్నాయి. మొదటి వారం జనం చదివి కళ్ళు తుడుచుకున్నారు. రెండో వారం పైపైన చూశారు. ఆ తర్వాత మునిసిపాలిటీవారు మూడో లారీ కొన్నారు.

ఇది రాస్తుండగా బాబాయి ఇవాళ్టి కట్ట వేసి వెళ్ళాడు. పరుపులవాళ్ళది, పళ్ళవాళ్ళది, మధ్యలో ఒక తెల్ల కాగితం. 'అన్నగార్లందరికీ! నాన్నగారి కళ్ళజోడు విషయంలో తప్పు నాదే' అని మొదలైంది. నాకూ ఒక తమ్ముడున్నాడు. ఉన్నాడనే అనుకుంటున్నాను. మా నాన్నగారికీ కళ్ళజోడుండేది. అయినా ఈ ఊళ్ళో కళ్ళజోళ్ళు పెట్టుకున్న నాన్నగార్లు ఎంతమంది లేరు! పైగా పన్నెండు వందల ఇళ్ళకు వేసిన కాగితం. నా ఒక్కడి కోసమే అని నేనెలా అనుకుంటాను? పరుపులవాళ్ళ కాగితంతో కలిపి బుట్టలో వేశాను.

మీరైనా అదే చేస్తారు. ఈపాటికి చేసే ఉంటారు.